సత్యాన్వేషి జాక్ మోనో

మానవ దేహం లక్షల కోట్ల కణాల సముదాయం. ఈ కణాలన్నీ తల్లి గర్భంలో రూపొందిన ఒకే ఒక్క కణం నుంచి విభజన పొంది పుట్టినవే. అందువల్ల దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యుసంపద ఉంటుంది. కంటి కణంలో కాలేయానికి కావలసిన జన్యువులూ ఉన్నాయి. కాలేయ కణంలో కంటికి కావలసిన జన్యువులూ ఉన్నాయి. అయినా కన్ను కన్నుగానే, కాలేయం కాలేయంగానే తమ తమ ధర్మాలను నిర్వర్తిస్తున్నాయి. ఉన్న జన్యువులన్నీ ఒక్కసారిగా పనికి పూనుకుంటే దేహంలో మిగిలేది గందరగోళమే. కాబట్టి ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు మౌనం వహించాలో నిర్ణయించే ఏర్పాటు ఒకటి ప్రతి కణంలోనూ ఉండి తీరాలి.

ఆ ఏర్పాటు ఏమిటన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలం వరకు స్పష్టమైన సమాధానం లేదు. చివరకు సమాధానం లభించినది మనిషి దేహంలో కాదు; మన పేగులలో నివసించే ఈ. కోలై అనే అతి సూక్ష్మమైన బాక్టీరియాలో. ఆ రహస్యాన్ని వెలికి తీసినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త జాక్ మోనో. జీవశాస్త్ర పాఠ్యగ్రంథాలలో జాకబ్, మోనాడ్ అని జంటగా కనిపించే పేర్లలో రెండవది ఆయనదే. ఫ్రెంచివారు దానిని మోనో అని ఉచ్చరిస్తారు.

జాక్ మోనో 1910 ఫిబ్రవరి 9వ తేదీన పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి చిత్రకారుడు. కుంచె పట్టిన చేతితోనే డార్విన్ గ్రంథాలను కూడా ఆసక్తితో తిరగవేసిన విద్యావంతుడు. తల్లి అమెరికా దేశస్థురాలు. మోనో బాల్యంలోనే ఆ కుటుంబం దక్షిణ ఫ్రాన్సులో సముద్రతీరాన ఉన్న కాన్ పట్టణానికి తరలివెళ్లింది. చిన్ననాట సోకిన పోలియో వ్యాధి ఆయన కాలును బలహీనపరచింది. నడకలో ఆ లోపం జీవితాంతం మిగిలిపోయింది. కాని ఆ బాలుడు దానిని అడ్డంకిగా భావించలేదు. పెరిగి పెద్దవాడై నిట్రమైన కొండలను ఎక్కాడు. పడవ నడిపి సముద్రంపై విహరించాడు. ఇంట్లో సంగీత వాతావరణం ఉండడం వల్ల చెల్లో వాద్యంలో మంచి ప్రావీణ్యం సంపాదించాడు.

కాన్ పట్టణంలో పాఠశాల విద్య ముగించుకొని 1928లో మోనో పారిస్ చేరాడు. సోర్బాన్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం అభ్యసించి 1931లో పట్టం పొందాడు. అయితే అక్కడి బోధన తన కాలానికి చాలా వెనుకబడి ఉందని ఆయన గ్రహించాడు. ఆయనకు నిజమైన విద్య తరగతి గదుల వెలుపల, బ్రిటనీ తీరంలోని రోస్కాఫ్ సముద్ర జీవశాస్త్ర కేంద్రంలో లభించింది. అక్కడ పరిచయమైన జార్జ్ టెస్సియే వద్ద జీవుల పెరుగుదలను లెక్కలతో కొలిచే పద్ధతిని నేర్చుకొన్నాడు. ఆంద్రే ల్వాఫ్ సూక్ష్మజీవుల లోకాన్ని పరిచయం చేశాడు. బోరిస్ ఎఫ్రుస్సి జన్యుశాస్త్రం వైపు దృష్టి మళ్లించాడు. లూయీ రాప్‌కిన్ వల్ల జీవక్రియలను రసాయనశాస్త్ర పరంగా వివరించవచ్చునన్న నమ్మకం కలిగింది. ఈ నలుగురినీ మోనో జీవితాంతం గురుతుల్యులుగా తలచుకొన్నాడు.

1934లో ఆయన ఫ్రెంచి పరిశోధక నౌక పూర్‌క్వా పా పై గ్రీన్‌లాండ్ యాత్రకు వెళ్లివచ్చాడు. 1936లో ఆ నౌక మరల యాత్రకు సిద్ధమైనప్పుడు మోనో కూడా వెళ్లవలసి ఉంది. కాని ఎఫ్రుస్సి ఆయనను అమెరికాలో థామస్ హంట్ మోర్గాన్ ప్రయోగశాలకు తీసుకుపోయాడు. ఆ సెప్టెంబరులో నౌక ఐస్‌లాండ్ సమీపంలో తుపానులో చిక్కి బద్దలైంది. అందులోని వారిలో ఒక్కడు మాత్రమే బతికి బయటపడ్డాడు. మృత్యువు ఆ విధంగా మోనో పక్కనుంచి వెళ్లిపోయింది.

ఆ రోజులలో తాను శాస్త్రవేత్త కావాలో, సంగీతకారుడు కావాలో మోనో తేల్చుకోలేకపోయాడు. పారిస్‌లో ఒక గాయక బృందానికి ఆయన నిర్దేశకుడు. అమెరికాలో ఉన్నప్పుడు కూడా ప్రయోగాల కంటె సంగీతమే ఆయన కాలాన్ని ఎక్కువగా హరించింది. 1938లో ఒడెట్ బ్రూల్‌ను వివాహమాడాడు. ఆమె ఆసియా ఖండపు కళలలో పండితురాలు. భారతీయ దేవాలయాల గురించి గ్రంథం వెలువరించిన విదుషి. వివాహానంతరం మోనో డాక్టరేటు పరిశోధనపై మనసు నిలిపాడు. ల్వాఫ్ సలహాపై ఈ. కోలై బాక్టీరియా పెరుగుదలను తన పరిశోధనాంశంగా ఎంచుకొన్నాడు.

పైకి చూస్తే అది చాలా సాధారణమైన అంశం. బాక్టీరియాను చక్కెర కలిపిన ద్రవంలో వేసి, అవి ఎంత వేగంగా వృద్ధి చెందుతున్నవో గంటగంటకూ కొలిచి గీతగా గీయడమే ఆయన పని. ఒకే రకం చక్కెర ఇచ్చినప్పుడు గీత నున్నగా పైకి సాగి, ఆహారం అయిపోగానే నిలిచిపోయేది. రెండు రకాల చక్కెరలను కలిపి ఇస్తే ఏమవుతుందో చూడాలని ఆయనకు తోచింది. గ్లూకోజుతో పాటు పాలలోని చక్కెర అయిన లాక్టోజు వంటి మరొకదాన్ని కలిపి ఇచ్చినప్పుడు ఒక వింత గోచరించింది. గీత కొంతదూరం పైకి సాగి, మధ్యలో ఆగిపోయి, కొంతసేపటి తరువాత మళ్లీ పైకి సాగింది. ముందు గ్లూకోజు అయిపోయింది. అటుపై బాక్టీరియా కాసేపు ఏమీ చేయనట్లు ఊరకున్నది. ఆపై లాక్టోజును తినడం ప్రారంభించింది. రెండు అంచెలుగా సాగే ఈ పెరుగుదలకు మోనో డయాక్సీ అని పేరు పెట్టాడు.

విస్తరిలో రెండు పిండివంటలు వడ్డిస్తే ఇష్టమైనదాన్ని ముందు తినే పిల్లవాడి వలె బాక్టీరియా కూడా ఎంపిక చేసుకొంటున్నది! కాని మధ్యలో ఆ విరామం దేనికి? 1940 డిసెంబరులో మోనో ఆ గీతను ల్వాఫ్‌కు చూపించాడు. కొత్త ఆహారాన్ని జీర్ణించుకోవడానికి కావలసిన ఎంజైమును బాక్టీరియా ఆ విరామ కాలంలో తయారు చేసుకొంటూ ఉండవచ్చునని ల్వాఫ్ అభిప్రాయపడ్డాడు. మోనోకు అదొక మేలుకొలుపు అయింది. ఎంజైమును తయారుచేసే శక్తి బాక్టీరియాకు ముందునుంచీ ఉన్నది. అయినా అవసరం వచ్చేవరకు ఆ శక్తి నిద్రిస్తున్నది. దానిని నిద్రపుచ్చినది ఎవరు? మేలుకొలిపినది ఎవరు? ఈ ప్రశ్న ఆయనను ఇరవై సంవత్సరాల పాటు వెన్నాడింది. 1941లో ఆయన డాక్టరేటు పొందాడు. కాని విశ్వవిద్యాలయ పెద్దలకు ఆ పరిశోధనలో చెప్పుకోదగిన విశేషమేదీ కనిపించలేదు.

అప్పటికే ఫ్రాన్సు దేశం హిట్లర్ సేనల పాదాక్రాంతమై ఉంది. మోనో భార్య యూదు కుటుంబానికి చెందినది. కాలి లోపం వల్ల ఆయనకు సైనిక సేవ తప్పనిసరి కాదు. ప్రయోగశాలలో తలదాచుకొని తన పని తాను చూసుకొనే వీలున్నది. కాని దేశం చెరలో ఉండగా మౌనంగా కూర్చోవడానికి ఆయన మనస్సు అంగీకరించలేదు. రహస్యంగా పనిచేసే ప్రతిఘటన ఉద్యమంలో చేరాడు. పగలు గాజునాళికల మధ్య బాక్టీరియాను లెక్కించేవాడు. రాత్రివేళ మారుపేర్లతో ఉద్యమ సభలకు వెళ్లేవాడు. సోర్బాన్‌లో ఆయన గది బయట ఒక జిరాఫీ అస్థిపంజరం ఉండేది. దాని కాలి ఎముకలు బోలుగా ఉండడం వల్ల రహస్య పత్రాలను అందులో దాచేవాడు.

నాజీల రహస్య పోలీసులు ఆచూకీ తీయసాగినప్పుడు సోర్బాన్‌ను విడిచిపెట్టి, పాశ్చర్ సంస్థ పైకప్పు కింద ఉన్న ల్వాఫ్ ప్రయోగశాలలో పని కొనసాగించాడు. సహచరులు ఒక్కొక్కరుగా పట్టుబడుతున్నా వెనుకంజ వేయలేదు. క్రమంగా ఉద్యమ సేనల జాతీయ సంస్థలో కార్యకలాపాల విభాగానికి అధిపతి అయ్యాడు. 1944 ఆగస్టులో పారిస్ నగరం విముక్తి పొందినప్పుడు ఆ పోరాట వ్యూహరచనలో ఆయనకు ముఖ్యమైన పాత్ర ఉన్నది. ఫ్రాన్సు, అమెరికా ప్రభుత్వాలు రెండూ ఆయనను సైనిక పతకాలతో గౌరవించాయి. ఆ తరువాత కొంతకాలం సైన్యంలో ఉన్నప్పుడు అమెరికా సేనల సంచార గ్రంథాలయంలో ఒక పత్రిక ఆయన కంటపడింది. బాక్టీరియాలో కూడా ఉత్పరివర్తనలు తమంత తాముగా సంభవిస్తాయని ల్యూరియా, డెల్‌బ్రూక్ నిరూపించిన వ్యాసం అందులో ఉన్నది. యుద్ధభూమిలో చదివిన ఆ వ్యాసం బాక్టీరియాకు కూడా జన్యుశాస్త్ర పద్ధతులు వర్తిస్తాయన్న ధైర్యాన్ని ఆయనకు ఇచ్చింది. 1945లో మోనో పాశ్చర్ సంస్థలో స్థిరపడ్డాడు.

మూడు సంవత్సరాలకు ఆయన సత్యనిష్ఠకు ఒక పరీక్ష ఎదురైంది. యుద్ధకాలంలో మోనో కమ్యూనిస్టు పార్టీలో చేరి పనిచేశాడు. యుద్ధానంతరం క్రమంగా దూరమైనా, ఆయన స్నేహితులలో చాలామంది ఆ పార్టీలోనే ఉన్నారు. 1948లో సోవియట్ దేశంలో లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు జన్యువుల సిద్ధాంతం బూటకమని, పరిసరాలను మార్చి మొక్కల వంశలక్షణాలనే మార్చవచ్చునని వాదించి ప్రభుత్వం చేత ఔననిపించుకొన్నాడు. అంతకు ముందే, 1943లో, ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త వావిలోవ్ అక్కడి చెరసాలలో మరణించి ఉన్నాడు. ఫ్రాన్సులోని పార్టీ పత్రికలు లైసెంకోను ఆకాశానికెత్తాయి. నాటి సహచరుల మనస్సు నొచ్చుకొంటుందని మోనో వెనుకాడలేదు. ఆ సెప్టెంబరులో కొంబా పత్రికలో లైసెంకో వాదాన్ని తీవ్రంగా ఖండిస్తూ వ్యాసం రాశాడు. ప్రయోగం తేల్చవలసిన విషయాన్ని అధికారం తేల్చరాదన్నది ఆయన వాదం. దానివల్ల కొందరు చిరకాల మిత్రులను కోల్పోయాడు. ఆల్బెర్ట్ కామూ వంటి రచయిత స్నేహాన్ని సంపాదించుకొన్నాడు.

పరిసరాలు జీవిని తీర్చిదిద్దుతాయన్న లైసెంకో వాదానికీ, లాక్టోజు కనిపించగానే ఎంజైమును తయారుచేసే బాక్టీరియాకూ పైపై పోలిక ఉన్నదని గమనించాలి. అందువల్లనే ఆ విరామ రహస్యం ఇకమీదట మోనోకు కేవలం ఒక ప్రయోగశాల సమస్య కాలేదు. లాక్టోజు వచ్చి బాక్టీరియాకు కొత్త విద్య నేర్పుతున్నదా? లేక జన్యువులలో ముందే ఉన్న విద్య బయటపడటానికి అది నిమిత్తం మాత్రమే అవుతున్నదా? తేల్చవలసినది ఇదే.

అమెరికా నుంచి వచ్చిన మెల్విన్ కోన్ మొదలైన సహచరులతో కలిసి మోనో బీటా గాలక్టోసిడేజ్ అనే ఎంజైమును పట్టుకొన్నాడు. లాక్టోజును రెండు చిన్న చక్కెరలుగా విడగొట్టేది ఈ ఎంజైమే. లాక్టోజు లేనప్పుడు బాక్టీరియా కణంలో దీని అణువులు వేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే ఉంటాయి. లాక్టోజు లభించగానే కొద్ది నిమిషాలలోనే ఉత్పత్తి వేగం సుమారు వెయ్యి రెట్లు పెరుగుతుంది. ఈ మార్పు తెచ్చే పదార్థానికి ప్రేరకం అని పేరు. లాక్టోజును పోలి ఉండి, ఎంజైముకు లొంగని కొన్ని కృత్రిమ పదార్థాలు కూడా చక్కని ప్రేరకాలుగా పనిచేస్తాయని వారు కనుగొన్నారు. తనకు ఉపయోగపడని ఎంజైమునే బాక్టీరియా రాశులుగా తయారుచేస్తున్నదంటే, అది అవసరాన్ని తెలిసి చేస్తున్న పని కాదన్నమాట. 1955లో మరొక విషయం తేలింది. ప్రేరకం తగిలినప్పుడు పాత పదార్థమేదో రూపు మార్చుకొని ఎంజైము కావడం లేదు. అమైనో ఆమ్లాల నుంచి పూర్తిగా కొత్త ప్రోటీను తయారవుతున్నది.

ఇదే సమయంలో కొన్ని విపరీతమైన ఉత్పరివర్తితాలు లభించాయి. అవి లాక్టోజు ఉన్నా లేకున్నా ఎంజైమును నిరంతరం తయారు చేస్తూనే ఉంటాయి. ఒక్క జన్యువు చెడినందువల్ల కణం తన అదుపును కోల్పోయింది. దీనికి మోనో ఒక వివరణ ఊహించాడు. ఆ ఉత్పరివర్తితాలు తమలో తామే ప్రేరకాన్ని తయారు చేసుకొంటున్నాయని, అందువల్ల వాటికి బయటి ప్రేరకం అక్కరలేదని ఆయన భావించాడు. ప్రేరకమే ఈ నాటకంలో కథానాయకుడని ఆయన ఎంతోకాలంగా నమ్మి ఉన్నాడు. ఈ వివరణ ఆ నమ్మకానికి సరిగ్గా సరిపోయింది.

ఆ నమ్మకాన్ని పరీక్షించడంలో ఆయనకు తోడైనవాడు ఫ్రాన్స్వా జాకబ్. 1940లో వైద్యవిద్యను మధ్యలో వదలి ఇంగ్లండు చేరి స్వేచ్ఛా ఫ్రెంచి సేనలో పనిచేసిన యోధుడు ఆయన. 1944 ఆగస్టులో నార్మండీలో తీవ్రంగా గాయపడి, శస్త్రవైద్యుడు కావాలన్న ఆశను వదులుకోవలసి వచ్చింది. 1950లో ల్వాఫ్ వద్ద చేరి, బాక్టీరియా లోపల నిద్రాణంగా ఉండే వైరస్‌ల గురించి పరిశోధన చేస్తూ ఉన్నాడు. ఒక బాక్టీరియా నుంచి మరొకదానిలోకి జన్యువులు ప్రవేశించే తీరును నిమిషాల లెక్కన గమనించే విద్య జాకబ్‌కు, ఎలీ వోల్మన్‌కు కరతలామలకం. ఎంజైమును కొలిచే విద్యలో మోనోకు సాటి లేదు. అమెరికా నుంచి ఒక సంవత్సరం పని చేయడానికి వచ్చిన ఆర్థర్ పార్డీ ఈ రెండు విద్యలనూ కలిపాడు.

వారు తలపెట్టిన ప్రయోగం ఇది. ఒక బాక్టీరియాలో ఎంజైమును తయారుచేసే జన్యువు లేదు. అదుపు చేసే జన్యువూ చెడిపోయి ఉన్నది. మరొక బాక్టీరియా నుంచి ఆ రెండు జన్యువులూ సక్రమమైన రూపంలో దానిలోకి ప్రవేశించేటట్లు చేశారు. ప్రేరకాన్ని మాత్రం చేర్చలేదు. మోనో ఊహ నిజమైతే, అదుపు చెడిన కణంలో అంతర్గత ప్రేరకం ఉండాలి గనుక ఎంజైము ఉత్పత్తి ఆగకుండా సాగిపోవాలి. జన్యువులు ప్రవేశించిన కొద్ది నిమిషాలకే ఎంజైము తయారు కాసాగింది. అంతవరకు మోనో ఊహ నిలిచినట్లే కనిపించింది. కాని గంట దాటిన తరువాత ఉత్పత్తి మందగించి ఆగిపోయింది. ప్రేరకాన్ని చేర్చగానే మళ్లీ మొదలైంది.

ఆ గీత చెప్పినది ఒక్కటే. సక్రమమైన అదుపు జన్యువు కణంలోకి ప్రవేశించిన తరువాత నెమ్మదిగా ఒక పదార్థాన్ని తయారు చేస్తున్నది. ఆ పదార్థం పోగుపడగానే ఎంజైము ఉత్పత్తి నిలిచిపోతున్నది. అది ప్రేరకం కాదు, నిరోధకం. అంటే జన్యువు పనిచేయడం సహజస్థితి. దానిని ఆపి ఉంచడమే కణం చేస్తున్న ప్రయత్నం. ప్రేరకం జన్యువుకు ఏమీ నేర్పడం లేదు. నోటికి అడ్డుపెట్టిన చేతిని తొలగిస్తున్నది, అంతే. ఇటువంటి సంభావ్యతను భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ కూడా ఆ రోజులలో మోనోతో ప్రస్తావించాడు. ఏళ్ల తరబడి అల్లుకొన్న ఊహను ఒక గీత తలకిందులు చేసింది. మోనో వాదనాపటిమ కలవాడు. తన పక్షాన్ని సులభంగా వదిలేవాడు కాదు. అయినా ప్రయోగ ఫలితం ఎదుట తలవంచి, తన ఊహను పక్కనపెట్టి, నిరోధక సిద్ధాంతాన్ని స్వీకరించాడు. లైసెంకోకు ఏ న్యాయం వర్తించిందో తనకూ అదే న్యాయం వర్తిస్తుందని ఆయన ఆచరణలో నిరూపించాడు.

1958 వేసవిలో ఒకనాడు జాకబ్ భార్యతో కలిసి చలనచిత్రం చూస్తూ ఉండగా ఆయనకు ఒక ఆలోచన మెరిసింది. తాను పరిశోధిస్తున్న నిద్రాణ వైరస్, మోనో పరిశోధిస్తున్న లాక్టోజు ఎంజైము పైకి వేరువేరు విషయాలుగా కనిపిస్తున్నా, రెండింటి మర్మం ఒక్కటే. రెండుచోట్లా ఒక నిరోధకం నేరుగా జన్యువుల మీదనే పనిచేస్తూ ఒక్క దెబ్బతో అనేక జన్యువుల పనిని ఆపివేస్తున్నది. ఊరి నుంచి తిరిగివచ్చిన మోనో మొదట ఈ మాటను అంత తేలికగా ఒప్పుకోలేదు. తర్కవితర్కాలు సాగాయి. నల్లబల్లపై గీతలు గీయడం, చెరపడం, కొత్త ప్రయోగాలు రూపొందించడం నిత్యకృత్యమైంది. ఆ సంవాదాల నుంచి ఉద్భవించినదే ఒపెరాన్ సిద్ధాంతం.

లాక్టోజు వినియోగానికి సంబంధించిన మూడు జన్యువులు ఈ. కోలై డి.ఎన్.ఎ. పోగుపై వరుసగా అమరి ఉంటాయి. లాక్టోజును కణంలోకి చేరవేసే ప్రోటీనును తయారుచేసే జన్యువు కూడా వాటిలో ఒకటి. వీటి మొదట్లో ఆపరేటర్ అనే చిన్న భాగం ఉంటుంది. దానిని ఇంటి గడప అనుకొంటే నిరోధకం గడపకు అడ్డంగా కూర్చున్న ద్వారపాలకుడు. జన్యువులలోని సమాచారాన్ని ఆర్.ఎన్.ఎ. రూపంలో నకలు తీసే ఎంజైము ఆ గడపను దాటిపోలేదు. కణంలోకి లాక్టోజు ప్రవేశించినప్పుడు, అప్పటికే ఉన్న కొద్దిపాటి ఎంజైము అణువులు దానిలో కొంత భాగాన్ని అల్లోలాక్టోజుగా మారుస్తాయి. అది వచ్చి నిరోధకానికి అంటుకొంటుంది. వెంటనే నిరోధకం ఆకారం మారి, గడప మీద పట్టు సడలి, పక్కకు తొలగిపోతుంది. మూడు జన్యువులూ ఒకేసారి మేలుకొంటాయి. లాక్టోజు అయిపోగానే ద్వారపాలకుడు మరల తన స్థానంలోకి వస్తాడు. బయట ఆజ్ఞాపించేవారు లేరు. లోపల ఆలోచించేవారు లేరు. అణువుల అమరికే అదుపును, అవసరాన్ని సమన్వయపరుస్తున్నది.

జన్యువు నుంచి ప్రోటీను తయారయ్యే చోటికి సమాచారాన్ని చేరవేసి, పని ముగిసిన వెంటనే నశించిపోయే దూత ఒకటి ఉండాలని కూడా ఈ ప్రయోగాలు సూచించాయి. 1960లో జాకబ్, సిడ్నీ బ్రెన్నర్, మాథ్యూ మెసెల్సన్ చేసిన ప్రయోగాలు దాని ఉనికిని రుజువు చేశాయి. అదే వార్తాహర ఆర్.ఎన్.ఎ. 1961లో జాకబ్, మోనో తమ సిద్ధాంతాన్ని సమగ్రమైన వ్యాసంగా ప్రకటించారు. జీవశాస్త్రంలో అదొక మైలురాయి అయింది. 1965లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని జాకబ్, ల్వాఫ్, మోనో కలిసి అందుకొన్నారు. గురుశిష్యులు ఒకే వేదికపై నిలిచిన అరుదైన సన్నివేశం అది.

ఈ సిద్ధాంతం కూడా సవరణలకు అతీతం కాలేదు. నిరోధకం ఆర్.ఎన్.ఎ. కావచ్చునని జాకబ్, మోనో మొదట అనుకొన్నారు. 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్ హిల్ దానిని వేరుచేసి, అది ప్రోటీను అని చూపించారు. జన్యు నియంత్రణ అంతా నిరోధకాల వల్లనే జరుగుతుందన్న అభిప్రాయం కూడా సరికాదని తేలింది. గ్లూకోజు ఉన్నంతవరకు బాక్టీరియా లాక్టోజు జోలికి ఎందుకు పోదన్న తొలినాటి సమస్య 1960ల చివరలో చాలవరకు విడిపోయింది. గ్లూకోజు తగ్గినప్పుడు కణంలో సైక్లిక్ ఏ.ఎం.పి. అనే చిన్న అణువు పెరిగి, ఒక ప్రోటీనుతో కలిసి లాక్టోజు జన్యువులను ముందుకు తోస్తుంది. గ్లూకోజు ఉన్నప్పుడు లాక్టోజు కణంలోకి ప్రవేశించడానికి కూడా ఆటంకం ఏర్పడుతుంది. అంటే కణానికి పగ్గమూ ఉన్నది, అదిలింపూ ఉన్నది. మనిషి వంటి ఉన్నత జీవులలో ఈ వ్యవస్థ మరింత జటిలమైనది. అక్కడ డి.ఎన్.ఎ. ప్రోటీనుల చుట్టూ చుట్టబడి ఉంటుంది. దానిని విప్పడం, ముడవడం, దూరంగా ఉన్న భాగాల నుంచి ప్రోత్సహించడం వంటి అనేక పద్ధతులలో నియంత్రణ జరుగుతుంది. అయినా ఒక ప్రోటీను డి.ఎన్.ఎ. పైని ఒక నిర్దిష్ట స్థానాన్ని గుర్తించి జన్యువును ఆడించగలదన్న మూలసూత్రం పారిస్ ప్రయోగశాలలోనే రూపుదిద్దుకొన్నది.

ప్రయోగశాల వెలుపల కూడా మోనో తన స్వభావాన్ని మార్చుకోలేదు. 1956లో హంగరీ ప్రజల తిరుగుబాటును సోవియట్ సేనలు అణచివేశాయి. ఆ దేశంలో చిక్కుకొన్న ఆగ్నెస్ ఉల్మన్ అనే యువ శాస్త్రవేత్తను, ఆమె భర్తను తప్పించడానికి మోనో ఎన్నో పథకాలు రచించాడు. చివరకు 1960లో ఒక పర్యాటక వాహనంలో ఏర్పరచిన రహస్యస్థలంలో దాగి వారు ఆస్ట్రియా చేరుకొన్నారు. ప్రతిఘటన ఉద్యమంలో నేర్చిన విద్య ఆ విధంగా మరొకసారి అక్కరకు వచ్చింది. ఆ ఉల్మన్‌తో కలిసే మోనో 1968లో సైక్లిక్ ఏ.ఎం.పి. గ్లూకోజు కలిగించే ఆటంకాన్ని తొలగిస్తుందని చూపించడం విశేషం.

1967లో కొలేజ్ ద ఫ్రాన్స్ ఆయనను ఆచార్యునిగా ఆహ్వానించింది. 1968 మే నెలలో పారిస్ వీధులలో విద్యార్థులు, పోలీసులు తలపడినప్పుడు గాయపడిన విద్యార్థులకు ఆయన అండగా నిలిచాడు. 1970లో యాదృచ్ఛికత, ఆవశ్యకత అనే అర్థం వచ్చే పేరుతో ఆయన రాసిన గ్రంథం వెలువడింది. ఉత్పరివర్తనలు యాదృచ్ఛికంగా సంభవిస్తాయని, విశ్వం మనిషి కోసం ముందుగా రచింపబడిన నాటకం కాదని అందులో ఆయన వాదించాడు. దానితో ఏకీభవించినవారూ, విభేదించినవారూ కూడా ఎందరో ఉన్నారు. 1971లో పాశ్చర్ సంస్థకు సంచాలకుడై, ఆర్థికంగా కుంగిపోతున్న ఆ సంస్థను నిలబెట్టడానికి తన పరిశోధనను సైతం త్యాగం చేశాడు. మరుసటి సంవత్సరం భార్యను కోల్పోయాడు. రక్తసంబంధమైన వ్యాధికి గురైన మోనో 1976 మే 31వ తేదీన, తాను పెరిగిన కాన్ పట్టణంలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 66 సంవత్సరాలు.

ఆయన మరణించిన రెండేళ్లకు, 1978లో, అమెరికా శాస్త్రజ్ఞులు మానవ ఇన్సులిన్‌ను ఈ. కోలై బాక్టీరియా చేత తయారు చేయించారు. ఇందుకోసం వారు కృత్రిమంగా నిర్మించిన ఇన్సులిన్ జన్యువులను మోనో జీవితకాలం పరిశోధించిన బీటా గాలక్టోసిడేజ్ జన్యువుకు జోడించారు. అదే ఒపెరాన్, అదే గడప. చక్కెర నీటిలో బాక్టీరియా కాసేపు ఎందుకు ఆగిందన్న ప్రశ్న, ఎవరికీ అక్కరలేనిదిగా తోచిన ఆ ప్రశ్న, మధుమేహ రోగుల ప్రాణరక్షణకు దారి చూపింది.

కణంలో అదుపు లేనిదే జీవనం లేదు. అవసరం లేనిదాన్ని ఆపి ఉంచడం కూడా కణానికి ఒక పని అని మోనో పరిశోధన తెలియజేసింది. మౌనంగా ఉండవలసినది ఏదో, మాట్లాడవలసినది ఎప్పుడో ఆయన జీవితం కూడా తెలియజేస్తుంది. దేశం చెరలో ఉన్నప్పుడు, సత్యాన్ని అధికారం శాసించబోయినప్పుడు ఆయన మౌనం వహించలేదు. తన ఊహను తన ప్రయోగమే కాదన్నప్పుడు మాత్రం మారు మాట్లాడలేదు.

అభ్యాసం

1. మోనో జీవితంలో సత్యనిష్ఠను వెల్లడించే రెండు సంఘటనలను వివరించండి.
2. రెండు చక్కెరలు కలిపి ఇచ్చినప్పుడు బాక్టీరియా పెరుగుదలలో మోనో గమనించిన విశేషం ఏమిటి? అది ఏ ప్రశ్నకు దారితీసింది?
3. పార్డీ, జాకబ్, మోనో కలిసి చేసిన ప్రయోగం మోనో పూర్వాభిప్రాయాన్ని ఏ విధంగా మార్చింది?
4. నిరోధకాన్ని ద్వారపాలకునితో పోల్చడంలోని ఔచిత్యాన్ని తెలపండి.
5. ఒపెరాన్ సిద్ధాంతానికి తరువాతి కాలంలో జరిగిన సవరణలు ఏవి?